నీళ్ళలో వేసిన కోటు

"ముట్టుకోవద్దంటే వినవేం," అంది అత్తగారు.

కొడుకు వినలేదు. గోటితో అట్ట అంచు లేపబోయాడు. అంచు ఊడి వేలికి అంటుకుంది. అతను ఆ వేలినే చూసుకుంటూ ఉండిపోయాడు.

ఇస్త్రీ బల్ల మీద, మడతపెట్టిన తెల్ల తువ్వాలు మధ్యలో కోడలి పాస్‌పోర్టు ఉంది. పాస్‌పోర్టు అని మాటవరసకి అనుకోవాలి, అంతే. నలభై నిమిషాలు మెషిన్‌లో గిరగిరా తిరిగి, సబ్బు వాసన వేస్తూ బయటపడ్డ ఆ ముద్దలో అట్ట ఏదో, కాగితం ఏదో తెలియడం లేదు.

అది మంగళవారం ఉదయం. గురువారం విమానం. శుక్రవారం పది గంటలకి సొంత దేశంలో, కోర్టు హాల్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ నిలబడి సంతకాలు పెడితే, అనాథాశ్రమంలో ఉన్న నాలుగేళ్ళ పిల్ల వాళ్ళ కూతురవుతుంది. ఇద్దరిలో ఒకరు లేకపోయినా అవదు. కిందటి వాయిదాకి కొడుకు కడుపులో పుండుతో ఆస్పత్రిలో పడ్డాడు. ఇంకొక్కసారి ఇస్తున్నాను, ఇదే ఆఖరు అని న్యాయమూర్తి రాసి మరీ పంపారు. ఇది కూడా తప్పితే ఫైలు మళ్ళీ వరసలో వెనక్కి పోతుంది, పిల్ల ఇంకెవరింటికో పోతుంది.

ఇంతకీ ఈ ఘనకార్యం చేసింది ఎవరంటే, అత్తగారు. అదే ఎవరికీ మింగుడుపడలేదు.

ఈ పరాయి దేశంలో పదకొండేళ్ళుగా ఆ ముగ్గురూ కలిసి బట్టలుతికే షాపు నడుపుతున్నారు. కౌంటర్ దగ్గర అత్తగారిదే రాజ్యం. వచ్చిన ప్రతి చొక్కా, ప్రతి కోటు జేబులు తిరగేసి చూడడం, దొరికినవాటిని కవర్లో వేయడం, బట్టకి వేసిన నంబరే కవరు మీదా వేసి పిన్ను గుచ్చడం ఆవిడ పని. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిని దాటుకుని బస్సు టికెట్టు కూడా మెషిన్‌లోకి పోలేదు. కొడుకు ముద్దుగా జేబులమ్మ అని పిలుస్తాడు.

అయితే అదంతా కౌంటర్ మీదికి వచ్చే బట్టల సంగతి. ఇంటి బట్టలు కౌంటర్ ఎక్కవు. తలుపు వెనక మేకుకి వేలాడి, అక్కణ్ణుంచి నేరుగా మెషిన్‌లోకి పోతాయి. వాటికి నంబరు లేదు, కవరు లేదు, వాటి జేబులు చూసే దిక్కూ లేదు. ఊళ్ళో వాళ్ళందరి జేబులూ తడిమే ఇంట్లో తమ జేబు తడుముకునే మనిషి లేకపోయింది.

కోడలు మాత్రం తక్కువ తిన్నదా? ప్రయాణం హడావుడిలో మరిచిపోతానేమోనని సోమవారం సాయంత్రమే పాస్‌పోర్టు తెచ్చి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఎవరితోనూ చెప్పలేదు. జేబుల్లో సామాన్లు వదిలేసే వాళ్ళని రోజూ తిట్టిపోసే మనిషి ఆ కోడలే.

కొడుకు వేలు తుడుచుకుని ఒక ఉపాయం చెప్పాడు. ఈ ముద్దని చెత్తబుట్టలో పడేసి, పాస్‌పోర్టు బస్సులో పోయిందని చెబుదామన్నాడు. పాడుచేసుకున్నవాళ్ళని తిడతారు గానీ పోగొట్టుకున్నవాళ్ళని చూసి జాలిపడతారని అతని ఊహ.

"శుక్రవారం కోర్టులో నిజమే చెబుతానని ప్రమాణం చేయాల్సినదాన్ని," అంది కోడలు. "అబద్ధంతో బయల్దేరమంటారా?"

అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది ఆవిడకి.

"ఉన్ని కోటు నీళ్ళలో ఎందుకు వేశారు అత్తయ్యా?"

అసలు ప్రశ్న అదీ. ఆ షాపులో ఉన్ని కోట్లు నీళ్ళు చూడవు. వెనక గదిలో డ్రైక్లీనింగ్ మెషిన్ ఉంది, అందులో పోసే మందు ఉంది. ఉన్నిని నీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుందని కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషి, తన చేతులతో కోడలి కోటు తీసుకెళ్ళి నీళ్ళలో ముంచింది. పొరపాటున జరిగే పని కాదది.

అత్తగారు తువ్వాలు అంచు సరిచేసింది.

"మీకు ఇష్టం లేకపోతే నోటితో చెప్పాల్సింది. ఇలా చేయాల్సింది కాదు."

కొడుకు గతుక్కుమన్నాడు. భార్యని వారించబోయి ఆగిపోయాడు. ఎందుకంటే అతని మనసులోనూ అదే పురుగు తొలుస్తోంది. ఎనిమిది నెలల కిందట దత్తత మాట మొదటిసారి వచ్చినప్పుడు, ఎవరి కన్నబిడ్డో ఏమిటో అని పుల్ల విరిచినట్టు అన్నది ఆవిడే. ఆ తర్వాత వద్దనలేదు, సరేననీ అనలేదు. మిగతా ఇద్దరూ పిల్లని చిట్టితల్లి అంటుంటే ఆవిడ మాత్రం "ఆ పిల్ల" అంటుంది. మొదటిసారి చూడ్డానికి వెళ్ళొచ్చిన కోడలు, పిల్ల తన కోటు బొత్తాం పట్టుకుని వదల్లేదనీ, కోటు వాసనకి ఇంకో చేత్తో ముక్కు మూసుకుందనీ చెబితే, కొడుకు పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కంచం తీసుకుని లేచిపోయింది.

ఇవన్నీ కోడలు మరిచిపోలేదు. మరిచిపోయే మనిషి కాదు.

అత్తగారు ఆ ముద్దని తువ్వాల్లోనే చుట్టి కోడలి చేతిలో పెట్టింది. ఎండలో పెట్టొద్దనీ, పేజీలు విడదీయొద్దనీ చెప్పి కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

*

సొంత దేశపు కాన్సులేటులో పాస్‌పోర్టుల విభాగం రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీదే వరస మొదలు. పన్నెండింటికి దరఖాస్తులు తీసుకోవడం ఆపేస్తారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ మూడో కిటికీ దగ్గరికి చేరేసరికి పన్నెండుకి పది నిమిషాలుంది.

కిటికీ వెనక ఉన్న ఆవిడ కళ్ళద్దాలు గొలుసుతో మెళ్ళో వేలాడుతున్నాయి. పెట్టుకుంది, తువ్వాలు విప్పింది, చూసింది, మళ్ళీ తీసేసింది.

ఆవిడ చెప్పిందంతా ఇక్కడ రాస్తే ఈ వారం మన కథకి చోటుండదు. సారాంశం ఇది. కొత్త పాస్‌పోర్టు కావాలంటే అయిదు వారాలు. రెట్టింపు ఫీజు కట్టి తొందరపెట్టినా తొమ్మిది పనిదినాలు. పైగా పాడుచేసుకున్నందుకు జరిమానా. ఫీజు ఇక్కడ తీసుకోరు, పక్క భవనంలోని బ్యాంకులో కట్టి రసీదు తేవాలి. ఫోటోలో చెవులు రెండూ కనబడాలి.

ఒకే ఒక్క దారి, అత్యవసర ప్రయాణ పత్రం. దరఖాస్తు ఇచ్చిన రోజే ఇస్తారు. కోర్టు కాగితం చూపించారు గనక కారణం సరిపోతుంది. కాకపోతే పాత పాస్‌పోర్టుని తిరిగి తీసుకుని, రద్దు ముద్ర కొట్టాకే ఆ పత్రం ఇవ్వాలి.

"పేరు, ఫోటో, నంబరు ఉన్న పేజీ నేను చదవగలగాలి. చదవగలిగితే పాడైనట్టు. చదవలేకపోతే పోయినట్టే లెక్క. పోయినదానికి పోలీసు కాగితం కావాలి, అక్కణ్ణుంచి విచారణ రావాలి. పది రోజులకి తక్కువ కాదు."

కొడుకు తన ఫోన్ కిటికీకి ఆనించాడు. ఆ పేజీ ఫోటో అందులో స్పష్టంగా ఉందన్నాడు.

"ఫోన్ మీద ముద్ర కొట్టలేను కదండీ," అంది ఆవిడ. వెటకారంగా కాదు, ఉన్న మాటే చెప్పింది. తువ్వాలు జాగ్రత్తగా మడిచి వెనక్కి జరిపింది. "రేపు పన్నెండు లోపు తీసుకురండి. మొదటి పేజీ ఒక్కటి విప్పి తెస్తే చాలు."

ఆ ముద్దలోంచి ఒక్క పేజీ విప్పడమంటే మాటలా? కోడలు బయటికి వచ్చేసింది. మెట్ల మీద కూర్చుండిపోయింది. పాత పుస్తకాలు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉంటారేమో కనుక్కుంటానని కొడుకు ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. కోడలు కాసేపు చూసి అతని చేయి పట్టుకుని ఆపింది.

కిందటేడాది ఒక ముసలాయన కోటు జేబులో దొరికిన ఉత్తరం ఆవిడకి గుర్తొచ్చింది. వానలో తడిసి, ఆరి, గట్టిపడి, అట్టముక్కలా అయిపోయిన ఉత్తరం. చచ్చిపోయిన భార్య రాసిందట. మూడు రోజుల తర్వాత అత్తగారు దాన్ని ఆయన చేతిలో పెట్టినప్పుడు ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

"ఇంటికి పదండి," అంది.

*

వెనక గదిలో బల్ల మీద అప్పటికే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఉంది. అందులో నీళ్ళు నింపి ఉన్నాయి. పక్కన నాలుగు రకాల గుడ్డలు, కాగితాలు విడదీసే సన్నపాటి ఎముక బద్ద, రెండు గాజు పలకలు. అత్తగారు చేతులు మోచేతుల దాకా కడుక్కుని నిలబడి ఉంది. వీళ్ళు ఖాళీ చేతులతో తిరిగొస్తారని ఆవిడకి ముందే తెలిసినట్టుంది.

"ఇలా ఇవ్వు," అంది.

కోడలు తొట్టి వైపు చూసింది. "మళ్ళీ నీళ్ళలో వేస్తారా?"

"ఊఁ."

ఇదిగో, ఇక్కడ ఆగిపోయింది కోడలు. పొద్దున్న ఎవరినైతే దోషి అందో, వాళ్ళ చేతికే, అవే నీళ్ళలో వేయమని, ఉన్న ఒక్క ఆశనీ అప్పగించాలి. ఇస్తే ఏమవుతుందో తెలీదు. ఇవ్వకపోతే ఏమవుతుందో బాగా తెలుసు. గోడ గడియారం టకటకా కొట్టుకుంటోంది.

కోడలు తువ్వాలు చాచింది.

అత్తగారు ఆ ముద్దని నీళ్ళలో పడేయలేదు, పడుకోబెట్టింది. చల్లటి నీళ్ళలో అది మెల్లగా ఉబ్బింది. అరగంటదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. కౌంటర్ దగ్గర గంట మోగితే కొడుకుని పంపించింది. తర్వాత నీళ్ళలోనే, కాగితానికీ కాగితానికీ మధ్య వేలితో నీళ్ళు తోసింది. ఆరిపోతున్న కాగితాల్ని లాగితే చిరుగుతాయి, నీళ్ళలో ఉంటే వాటంతట అవే విడతాయి. ఆ మాట కూడా చెప్పలేదు. అవసరమైన మాటలే మాట్లాడింది, పల్చటి గుడ్డ ఇమ్మనీ, అది కాదు ఇంకా పల్చటిది ఇమ్మనీ, దీపం దగ్గరికి జరపమనీ.

అడిగినవన్నీ కోడలు అందించింది. సాయంత్రం దాకా ఆ గదిలో ఇద్దరి మధ్యా గుడ్డలూ దీపమూ తప్ప వేరే మాట నడవలేదు.

ఒక్కో పేజీ విడింది. ఒక్కో పేజీనీ గుడ్డ మీదికి ఎక్కించి, నీళ్ళలోంచి గుడ్డతో సహా పైకెత్తి, తువ్వాళ్ళ మధ్య పెట్టింది ఆవిడ. ఆఖరికి, అట్టని కరుచుకుని, ఫోటో ఉన్న మొదటి పేజీ మిగిలింది. దాని మీద సన్నటి ప్లాస్టిక్ పొర. కొడుకు గోరు వేసింది దాని పక్కనే. ఇంకో గింజెడు లోపలికి దిగి ఉంటే కథ అక్కడితో సరి.

ఎముక బద్ద మెల్లగా లోపలికి వెళ్ళింది. కోడలు కళ్ళు మూసుకుంది.

"చూడు," అంది అత్తగారు.

చెవులు రెండూ కనబడేలా జుట్టు వెనక్కి దువ్వుకుని, ఎవరో అరిచినట్టు బిగుసుకుపోయిన మొహంతో, ఎనిమిదేళ్ళ కిందటి కోడలు గుడ్డ మీద పడుకుని వాళ్ళ వైపు చూస్తోంది. పేరు ఉంది. నంబరు ఉంది. పుట్టిన తేదీ కాస్త అలికినట్టుంది గానీ చదవొచ్చు.

కోడలు నంబరు పైకి చదివింది. కొడుకు ఫోన్లో ఫోటో చూస్తూ ఒక్కో అంకెకీ తలూపాడు. ఆఖరి అంకె దగ్గర ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. పొద్దున్నించీ ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఇస్త్రీ పెట్టె తేబోయిన కొడుకుని అత్తగారు కసిరింది. వేడి తగిలితే ప్లాస్టిక్ ముడుచుకుపోతుందట. గాజు పలకల మధ్య పెట్టి, పైన సబ్బు డబ్బాలు బరువు పెట్టింది. పొద్దుటికి ఆరుతుందని చెప్పి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

బుధవారం పొద్దున అత్తగారు కూడా బయల్దేరింది. పదకొండేళ్ళలో మొదటిసారి షాపు తలుపుకి పనిదినాన తాళం పడింది. ఎందుకని కొడుకు అడిగితే, దారిలో కాగితం వంగిపోకుండా పట్టుకునే మనిషి కావాలి కదా అంది. గాజు పలకలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఒక్క కుదుపుకి కూడా కదలకుండా కూర్చుంది.

మూడో కిటికీ ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. పలక ఎత్తి చూసింది. పేజీ చూసింది, కోడలి మొహం చూసింది, మళ్ళీ పేజీ చూసింది. పక్క కిటికీ గుమస్తాని పిలిచి చూపించింది.

"ఎవరు చేశారండీ ఇది?"

కోడలు అత్తగారిని చూపించింది.

బ్యాంకు రసీదు సరిపోయింది, ఫోటోలు సరిపోయాయి. ఇంకొక్కటి మిగిలింది. పాస్‌పోర్టు ఎలా పాడైందో, ఎవరి చేతిలో పాడైందో వాళ్ళు వివరంగా చెప్పి సంతకం పెట్టాలి. కోడలు కలం తీసుకుంది. పొరపాటున జరిగిందని రెండు ముక్కలు రాసేద్దామనుకుంది. అత్తగారు ఆపింది.

"నేను చెబుతాను, నువ్వు రాయి."

మంగళవారం తెల్లవారుతూనే మేకుకి ఉన్న కోటు తీసుకుందట. జేబు చూడలేదట, అది తన తప్పేనట. నీళ్ళలో వేసిందట. అంతవరకూ కోడలు రాసింది. కిటికీ ఆవిడకి అనుమానం వచ్చింది. మీది బట్టల షాపే కదా, ఉన్నిని నీళ్ళలో వేయకూడదని తెలీదా అని అడిగింది.

"తెలుసు."

"మరి?"

వరసలో వెనకున్నవాళ్ళు కూడా చెవులు నిక్కించారు.

"మందులో వేస్తే వారం దాకా వాసన పోదమ్మా. కిందటిసారి ఆ పిల్ల ఈ కోటు దగ్గరికొచ్చి ముక్కు మూసుకుందట. శుక్రవారం కోర్టులోంచి బయటికొచ్చాక ఎత్తుకుంటారు కదా. ఎత్తుకుంటే మొహం పెట్టేది ఈ కోటు మీదే. అందుకని చన్నీళ్ళలో, చంటిపిల్లల బట్టల సబ్బేసి తిప్పాను. ముడుచుకుపోతే తర్వాత సాగదీసుకోవచ్చనుకున్నాను."

కోడలి కలం కాగితం మీద ఆగిపోయింది. ఆవిడకి తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"నిన్న అడిగినప్పుడు చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"నువ్వెక్కడ అడిగావు, తేల్చేశావు," అంది అత్తగారు. కోపంగా అనలేదు. మళ్ళీ తనే అంది. "నేను మాత్రం తక్కువ మాటలన్నానా. నువ్వలా అనుకున్నావంటే నీ తప్పేం లేదు."

కోడలు కిటికీ అంచు మీద ఉన్న ఆ చేతిని పట్టుకుంది. నిన్న సాయంత్రం దాకా నీళ్ళలో నాని వేళ్ళ కొసలు పొడిబారిపోయి ఉన్నాయి. క్షమించమని అడగలేదు. పట్టుకుంది, అంతే. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచెత్తి, ఏడుపు ఆగలేదు ఆవిడకి. అత్తగారు రెండో చేత్తో కలం తీసి కోడలి వేళ్ళ మధ్య పెట్టింది. ముందు అది పూర్తిచెయ్యమంది.

కిటికీ ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, పాత పాస్‌పోర్టు మీద రద్దు ముద్ర కొట్టింది. నాలుగింటికి రమ్మంది. వెనక నిలబడ్డ లారీ డ్రైవరు ఎవరో, సంగతి పూర్తిగా తెలియకపోయినా, శుభమండీ అన్నాడు.

*

నాలుగు గంటలకి అత్యవసర ప్రయాణ పత్రం కోడలి చేతికొచ్చింది. ఒక్క కాగితం. ఫోటో, ముద్ర, సంతకం. కోడలు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొడుకు ఆ మెట్ల మీదే ఎగిరి గంతేసేలా ఉన్నాడు. గెలిచామని ఆశ్రమానికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా. అవతల ఎవరో నవ్వుతున్న చప్పుడు బయటికి వినబడింది.

"ఒక్కమాట," అంది కిటికీ ఆవిడ. "ఇది వెళ్ళడానికి మాత్రమే. విమానం దిగగానే అక్కడ తీసేసుకుంటారు. తిరిగి రావాలంటే అక్కడే కొత్త పాస్‌పోర్టు చేయించుకోవాలి. రెండు నెలలు పట్టొచ్చు."

కొడుకు నవ్వు సగంలో ఆగింది. షాపు వారానికి మించి మూస్తే ఉన్న గిరాకీ కాస్తా పోతుంది, అతను వెనక్కి రావలసిందే. రెండు నెలలు అద్దె గదిలో, కొత్తగా వచ్చిన పిల్లతో కోడలు ఒక్కతే ఉండాలి. ఆఫీసుల వరసల్లో నిలబడాల్సిన రోజున పిల్లని ఎవరి దగ్గర వదలాలి? వాయిదా వేయించుకోవడానికి వీల్లేదు.

"ఉంటాను," అంది కోడలు. "చిట్టితల్లి ఉంటుంది కదా నాతో. ఎలాగోలా నెట్టుకొస్తాను." గొంతులో భయం ఉంది గానీ, ఆ కాగితాన్ని పట్టుకున్న చేతుల్లో లేదు.

అత్తగారు సంచీలోంచి ఒక కవరు తీసింది. షాపు కవరే. మీద నంబరు, మూలకి పిన్ను. పిన్ను ఊడదీసి లోపలున్నది కిటికీ కింద నుంచి జరిపింది.

అది ఆవిడ పాస్‌పోర్టు. గడువు తీరి మూడేళ్ళయింది. పదకొండేళ్ళలో ఎక్కడికీ వెళ్ళలేదు గనక ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు నోరు తెరిచాడు. ఆవిడ అతని వైపు చూడలేదు.

కిటికీ ఆవిడ పేజీలు తిప్పింది. ఇందులో అన్నీ బాగానే చదవగలుగుతున్నానంది. దరఖాస్తులు పన్నెండింటితో ఆపేశామని చెప్పబోయి, ఏమనుకుందో, సొరుగు తెరిచి అత్యవసర పత్రం ఫారం ఇంకొకటి బయటికి తీసింది.

"ప్రయాణానికి కారణం ఏమని రాయమంటారు?"

"నా మనవరాలు వస్తోంది," అంది అత్తగారు. "ఎత్తుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అలాగే రాయండి."

కోడలు చప్పున తలెత్తి ఆవిడ వైపు చూసింది. అత్తగారు మాత్రం ఫారం మీద కదులుతున్న కలాన్నే చూస్తోంది, ఒక్క అక్షరం కూడా తప్పిపోకూడదన్నట్టు.

కిటికీ ఆవిడ రాసి, గడియారం చూసింది. నాలుగూ ఇరవై. అయిదింటికి తలుపులు వేసేస్తామనీ, బ్యాంకు అయిదు నిమిషాలు ముందే మూస్తుందనీ చెప్పి, ఫోటోలు ఎక్కడని అడిగింది.

ఫోటోలు లేవు. ఫోటోల దుకాణం వీధి చివర ఉంది. కొడుకు అప్పటికే మూడేసి మెట్లు దిగుతున్నాడు. అత్తగారు నడుస్తూనే జుట్టు చెవుల వెనక్కి నెట్టుకుంది. కోడలు ఆవిడ చేయి పట్టుకుని పరుగులాంటి నడక అందుకుంది. రేపటి విమానంలో మూడో సీటు ఉందో లేదో ఇంకా ఎవరూ అడగనే లేదు.